ఈ వివరాలు మీవేనా?

నేను యంత్రాన్ని కాదని ఈ మధ్యాహ్నం ప్రమాణం చేయడం ఇది ఏడోసారి. చిన్న గడిలో టిక్కు పెట్టగానే తొమ్మిది బొమ్మలొచ్చాయి, బస్సులున్నవి ఏరమంది, ఏరాను, ఒక గడిలో బస్సు తోక మాత్రం కనిపిస్తోంది, దాన్ని బస్సు అనాలా వద్దా అని తటపటాయిస్తుంటే బొమ్మలు మారిపోయి ఈసారి మెట్లు ఏరమంది. మనిషినని ఒప్పుకోవడానికి ఇన్ని పరీక్షలు పెట్టేవాళ్ళు, నా ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, పుట్టిన నెల, పోయిన మా అమ్మ పేరు లోకమంతటికీ చూపించే ముందు నన్ను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. తెర మూలనున్న గడియారం ఇంకా నలభై ఆరు నిమిషాలే మిగిలాయంటోంది. వెల్బీ లైబ్రరీలో కంప్యూటరు మనిషికి గంటసేపే, రోజుకి ఒక్కసారే, గంట కాగానే చేస్తున్న పని ఎక్కడుంటే అక్కడే తెర నల్లబడిపోతుంది. స్కూలు వంటగదిలో రెండు వందల పది మందికి వడ్డించి, పళ్ళేలు కడగడం పక్కావిడకి అప్పగించి, జుట్టుకి కట్టుకున్న వల కూడా విప్పకుండా వచ్చేశానని ఇప్పుడే తెలిసింది, తెరలో నా నీడ చూసి. విప్పి జేబులో కుక్కుకున్నాను. బూట్ల మీది మంచు కరిగి కుర్చీ కింద చిన్న మడుగైంది.

పని కష్టమైనది కాదు, విసుగు పుట్టించేది. నా పేరు కొట్టి నన్ను నేనే వెతుక్కోవాలి, దొరకాలి, దొరికిన పేజీ లంకెను ఎత్తుకుని, సైటు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో దాచిన ఇంకో పేజీకి పోయి అతికించాలి, మెయిలుకి ఉత్తరం వస్తుంది, అందులో నొక్కితే ఈ వివరాలు మీవేనా అని అడుగుతుంది, అవునండీ నావే అనాలి. నా చొక్కా ఎత్తుకుపోయినవాడి గుమ్మం ముందు నిలబడి గుర్తులు చెప్పి బతిమాలుకుంటున్నట్టుంది. బల్ల మీద బెవర్లీ పంపిన జాబితా ఉంది, పందొమ్మిది పేర్లు, ఏడు కొట్టేశాను. బెవర్లీ అంటే మొగుళ్ళ నుంచి పారిపోయిన ఆడవాళ్ళకి ఫోన్లో దారి చెప్పే మనిషి, నాలుగేళ్ళుగా గొంతు తెలుసు, ముఖం తెలియదు. మీ ఫోన్ నుంచి చేయొద్దు, లైబ్రరీ నుంచి చేయండి, మీ పేరు లేని మెయిలు పెట్టుకోండి, ఫారంలో అడ్రసు అడిగితే పాతదే ఇవ్వండి, కొత్తది మీ నోటి నుంచి రాకూడదు, తోడబుట్టినవాడైనా కన్నకూతురైనా సరే ముందు నన్ను అడగండి, అని ప్రతిసారీ మంత్రం చదివినట్టు చదువుతుంది. నాలుగేళ్ళూ విన్నాను. నా అంతట నేను నా అడ్రసు పైకి పలికిన గుర్తు లేదు, ఒక్కోసారి అది నాది కాదేమో అనిపిస్తుంది.

ఆదివారం మా తమ్ముడు ఓరిన్ ఫోన్ చేశాడు. వాడి దగ్గర నా నంబరొక్కటే ఉంది, నేనుండే ఊరు తెలియదు, అడగడు. ముందు మంచు సంగతి, ఆ తర్వాత ఆవు అడ్డం తిరిగిన దూడను ఈనిన సంగతి, మావాళ్ళు అసలు మాటకు రావడానికి అంతసేపూ పడుతుంది, ఇక పెట్టేస్తాడనగా లైల్ వచ్చి వెళ్ళాడని చెప్పాడు. లైల్ నా మొగుడు, కోర్టు కాగితాల ప్రకారం ఒకప్పటి మొగుడు. నా అడ్రసు కావాలన్నాడట, తెలియదని ఓరిన్ అన్నాడట, దానికి ఆయన నవ్వాడట. "పర్లేదులే, శనివారం ఫార్గో నుంచి మా చెల్లెలొస్తోంది. దానికి ఈ కంప్యూటర్లవీ బాగా తెలుసు, పేరు కొడితే ఇల్లు కూడా చూపిస్తుందంటగా" అన్నాడట. ఓరిన్ ఆ మాటలు నాకు అప్పజెప్పి, నిజంగా చూపిస్తుందా అక్కా అని అడిగాడు. అదంతా ఒట్టిది అన్నాను. ఫోన్ పెట్టేసి కొట్టి చూశాను. చూపించింది. నా ఇల్లు, నా కిటికీ తెర, వాకిట్లో నేను తవ్విపోసిన మంచు కుప్ప. ఫోన్ మూసేశాను. సోమవారం బెవర్లీ దొరికింది, మంగళవారం లైబ్రరీ తెరవరు, ఇవాళ బుధవారం. తీసేయమని అడిగాక మాయం కావడానికి మూడు రోజుల దాకా పట్టవచ్చని ప్రతి సైటూ రాసుకుంది. ఎటు తిప్పి చూసినా నాకున్నది ఈ గంటే.

ఎనిమిది, తొమ్మిది. ఎక్కడ జారిందో నాకు తెలుసు, అదే మండిపోతోంది. కరెంటు బిల్లు ఇంటావిడ పేరు మీద, ఫోన్ రీఛార్జి నోట్లిచ్చి, ఉత్తరాలు పక్క ఊరి పోస్టు పెట్టెకి, మూడేళ్ళు గాలి కూడా చొరబడకుండా కూర్చున్నాను. పోయిన ఆగస్టులో కౌంటీ జాతరకి పొరుగింటి ఆర్లిస్ లాక్కుపోయింది. పందులు చూశాం, గుమ్మడికాయలు చూశాం, కర్రకి గుచ్చిన వేపుడు ఏదో తిన్నాం, నవ్వుకున్నాం, అక్కడ కిటికీలు బాగుచేసే కంపెనీవాళ్ళు బల్ల వేసుక్కూర్చుని పెద్ద ఫ్రీజరు పెట్టె ఒకటి చూపిస్తున్నారు, చీటీ రాసి గాజు జాడీలో వేస్తే లాటరీలో మీకే రావచ్చట. "వెయ్యవే నెడ్రా, పోయేదేముంది" అంది ఆర్లిస్. ఎంత తెల్లటి ఫ్రీజరో, మూత ఎత్తితే అరటితొక్క పచ్చటి దీపం, దాన్లో సగం దూడ మాంసం పట్టేస్తుంది, శీతాకాలమంతా వెరపు లేదు. వరసకి నిలబడ్డ వాళ్ళందరూ రాస్తున్నారు, పాస్టరు భార్య రాస్తోంది, ఊరిలో మనిషిలా ఒక్కరోజు ఉండబుద్ధయింది. పూర్తి పేరు, ఇంటి నంబరు, వీధి, ఫోన్, గుండ్రటి చేతిరాతతో, ఎవరికీ చదవడం కష్టం కాకూడదన్నట్టు రాశాను. చీటీలన్నీ ఇలాంటి సైట్లకి అమ్ముడుపోయాయి, ఫ్రీజరు పాస్టరు భార్యకి వచ్చింది.

ఆ పేరైనా ఏ మేరీ జాన్సనో అయివుంటే నా పని సులువయ్యేది. ఈ సైట్లలో మేరీ జాన్సన్లు ఒక్క అయోవాలోనే మూడొందల మంది, ఆ గుంపులో ఎక్కడో కూర్చుని హాయిగా టీ తాగుతుండేదాన్ని. నెడ్రా కిట్టెల్‌సన్ అని కొడితే అటూ ఇటూ ఎవరూ లేరు, నేనొక్కదాన్నే, పొలంలో నిలబెట్టిన దిష్టిబొమ్మలా. విడాకుల కాగితం మీద గుమస్తా పుట్టింటి పేరు తిరిగి కావాలా అని అడిగింది, అలవాటుగా అడిగింది, తల కూడా ఎత్తలేదు, నేను కావాలి అని అంత గట్టిగా అన్నాను, ఎత్తింది. ముప్ఫై ఏళ్ళు ట్రాస్క్ అనిపించుకున్నాను, ఆ సంతకం పెట్టిన రోజు మా నాన్న పేరు మళ్ళీ నా ఒంటి మీదకొచ్చింది. దాచుకోవాలనుకునేవాళ్ళు చేసే పని కాదది. బెవర్లీ అప్పుడే నెత్తి కొట్టుకుంది.

లైల్ కొట్టేవాడు కాదు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖంలో ఏదో సడలుతుంది, అయితే మరీ అంత కాదన్నమాట అనుకుంటారు, అందుకే చెప్పడం మానేశాను. ఆయన కారు మీటరు చూసేవాడు. సాయంత్రం పశువుల పని ముగించి, చేతులు కడుక్కుని, దీపం పట్టుకుని షెడ్డులోకి పోయి నా కారు ఎన్ని మైళ్ళు తిరిగిందో చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. కొట్టుకి వెళ్ళి వస్తే పదకొండు, చర్చికి వెళ్ళి వస్తే పద్నాలుగు. ఒకసారి పదిహేను వచ్చింది, వంతెన మూసేశారు, చుట్టు తిరిగి వచ్చాను, భోజనాల దగ్గర ఉప్పు అందిస్తూ ఆ ఒక్క మైలు ఎవరికిచ్చావు అని అడిగాడు, నెమ్మదిగా, ఎవరైనా వింటే వాన గురించి మాట్లాడుతున్నాడనుకునేంత నెమ్మదిగా. వెళ్ళిపోయాక రెండుసార్లు దొరికాను. రెండుసార్లూ ఒక్క మాట అనలేదు, ఎదురుగా రోడ్డు పక్కన ట్రక్కు ఆపి, ఇంజను ఆపకుండా, కాఫీ తాగుతూ కూర్చున్నాడు, నేను కిటికీ తెర తొలగిస్తే చెయ్యి ఊపాడు. పోలీసులొస్తే వాళ్ళకీ ఊపాడు. చెయ్యి ఊపడం నేరం కాదని ఆ పోలీసే నాకు చెప్పాడు, పాపం సిగ్గుపడుతూనే చెప్పాడు.

పది. మెట్లున్న బొమ్మలు, మళ్ళీ బస్సులు. ఇది వేరే రకం సైటు, నా పేరు కొట్టగానే ఆకుపచ్చ గీత ఒకటి అటూ ఇటూ పరుగెడుతూ నేరాల చిట్టా వెతుకుతున్నాం, దివాలా కేసులు వెతుకుతున్నాం, తర్వాత కనబడేది మిమ్మల్ని విస్తుపోయేలా చేయవచ్చు, గట్టిగా ఊపిరి తీసుకోండి అంటోంది. తీసుకున్నాను. నా మీద ఉన్నదల్లా ఇరవై రెండేళ్ళ కిందట వేగంగా కారు నడిపిన జరిమానా ఒక్కటి. అది ఎందుకో తలుచుకుంటే నవ్వొచ్చింది, సిగ్ని డాన్సు పోటీకి ఆలస్యమైంది, వెనక సీట్లో కూర్చుని అది ఇంకా వేగంగా అమ్మా ఇంకా అని కాళ్ళు కొట్టుకుంటోంది, నాలుగేళ్ళది, బూటొకటే ఉంది కాలికి. సిగ్ని సంగతి ఇప్పుడు వద్దు. నిమిషాలు ముప్ఫై ఎనిమిది. వద్దు.

ఈ ఊళ్ళో ఎవరూ తాళం వేయరు. ఆర్లిస్ డబ్బాలో తీపి బిళ్ళలు కోసి తెచ్చి, తలుపు తోసుకుని, మనిషి లేకపోతే పొయ్యి మీద పెట్టి పోతుంది, నా తలుపు ఒక్కటే తోస్తే తెరుచుకోదు. "బంగారం దాచావా లోపల, లేకపోతే మొగాణ్ణా" అంటుంది, డెబ్బై రెండేళ్ళ మనిషి, కళ్ళు చిట్లించి. బంగారమే అంటాను. అంతకన్నా అడగదు. మాది అడగని జాతి, మంచుదేశపు నార్వేవాళ్ళ మనవలం, పక్కవాడి ఇల్లు అంటుకున్నా ముందు గాలి ఎటుందో మాట్లాడి తర్వాత బకెట్టు అందిస్తాం. లైబ్రరీ బల్ల వెనకున్న వెల్డాకి కూడా నేనెవరో, ఏం చేస్తున్నానో అక్కర్లేదు, కార్డు లేదంటే కాగితం ముక్క మీద నంబరు రాసిచ్చింది, నా వెనకగా పుస్తకాల బండి తోసుకుపోతూ తెర వైపు చూడకుండా తల పక్కకి తిప్పుకుంది. ఈ మర్యాద నన్ను నాలుగేళ్ళు కాపాడింది. దీని మీద నాకెప్పుడూ అనుమానం రాలేదు, ఇదే నా బలం అనుకున్నాను.

పదకొండు, పన్నెండు, పదమూడు తేలిగ్గా అయిపోయాయి, వాటిలో నేనింకా పొలంలోనే ఉన్నాను, ఆయన పక్కనే. పెద్ద సైటొకటి ఉంది, మిగతావన్నీ దాన్లోంచే తోడుకుంటాయట, భయంతో దాన్ని చివరికి నెట్టుకుంటూ వచ్చాను. గడియారం ముప్ఫై ఒకటి. ఇక తప్పదు. కొట్టాను. నెడ్రా కిట్టెల్‌సన్, వయసు యాభై ఎనిమిది, వెల్బీ, అయోవా. కింద మెట్లుమెట్లుగా నేను బతికిన చోట్లు, ఓరిన్ ఇల్లు, ఎనిమిది వారాలున్న మోటలు గది, ఆశ్రయం వాళ్ళ పోస్టు పెట్టె, పారిపోయినదాని అడుగుజాడలు ఇలా ఉంటాయన్నమాట అనుకున్నాను, రోజులు తక్కువ, గది నంబర్లు ఎక్కువ. ఇంకా కింద బంధువులు కావచ్చు అని ఒక వరస. మా అమ్మ, పోయి పదకొండేళ్ళు, వయసు తొంభై మూడు అని వేశారు, పోనీలే ఎక్కడో ఒకచోట బతికుంది. ఓరిన్. లైల్ ట్రాస్క్. దాని కింద సిగ్ని కిట్టెల్‌సన్.

తప్పు అనుకున్నాను. సిగ్ని ట్రాస్క్ కదా నా కూతురు. ఈ గుడ్డి యంత్రాలు మా అమ్మని బతికించినట్టే దాని పేరుకి నా పేరు అంటించి ఉంటాయి. వేలు ఆ పేరు మీద పెట్టి ఆపాను. నన్ను వెతకొద్దు, అంది సిగ్ని, నాలుగేళ్ళ కిందట, ఫోన్లో, నేను వచ్చేసిన మూడో రోజున. "నువ్వెళ్ళిపోయావు. ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయావు. ఇంక నన్ను వెతకొద్దు" అంది, ఏడవకుండా అంది, ఏడ్చినా బాగుండేది. చెప్పకుండానే వచ్చాను, నిజం. ఇరవై రెండేళ్ళ పిల్ల, ధాన్యం గిడ్డంగి ఆఫీసులో పని, సాయంత్రానికి ఇంటికొస్తుంది, చెబితే ఆయన దాని నోటి నుంచి లాగుతాడని చెప్పలేదు. అందరికీ అలాగే చెప్పాను, బెవర్లీకి, జడ్జికి, నాకు. దానికి నాన్నంటే ఇష్టం, ఆయనకి అదంటే ప్రాణం, దాన్నేమీ అనడు. ఇలా అనుకుని నిద్రపోయాను, నాలుగేళ్ళు, మందు వేసుకున్నట్టు రోజుకొకసారి అనుకుని. నేను వెళ్ళిపోయాక ఆ పుస్తకంలో ఎవరి కారు మైళ్ళు రాసుకుని ఉంటాడో ఒక్కనాడు కూడా ఆలోచించలేదు. ఆలోచించకూడదని నాకు తెలుసు కాబట్టే ఆలోచించలేదు.

వెతకొద్దన్న పిల్ల పేరు మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. నొక్కితే నేను లైల్‌ని అవుతాను. ఎదుటి మనిషి వద్దన్నాక కూడా తెర తొలగించి చూడడం, అదే కదా ఆయన చేసిందంతా. నేను తల్లిని అనుకోవచ్చు, ఆయన నేను మొగుణ్ణి అనుకున్నాడు. ఇరవై ఎనిమిది నిమిషాలు. కానీ శనివారం ఫార్గో నుంచి వచ్చే ఆవిడ నా పేరు కొడితే ఇదే పేజీ వస్తుంది, ఇదే వరస వస్తుంది, ఆవిడకి ఇలాంటి బెరుకేమీ ఉండదు. ఆ పేరు వెనకేముందో వాళ్ళకంటే ముందు నేను చూడాలి. ఇది నాకు నేను చెప్పుకున్న సాకో నిజమో ఇప్పటికీ తెలియదు. నొక్కాను.

సిగ్ని కిట్టెల్‌సన్, వయసు ఇరవై ఆరు. మునుపటి పేరు సిగ్ని ట్రాస్క్. యంత్రం తప్పు కాదు, పిల్లే మార్చుకుంది. కోర్టుకు పోయి, కాగితం రాసి, గుమస్తా ముందు నిలబడి నా పేరు అడిగి తీసుకుంది. పిచ్చిపిల్లా, ఏ జాన్సనో పెట్టుకోకపోయావా, లోకంలో పేర్లే లేనట్టు, దొరికిపోతావే. అలా తిట్టుకుంటుంటే తెర మసకబడింది, ముక్కు తుడుచుకున్నాను, అద్దాలు తుడుచుకున్నాను. కింద దాని చోట్లు. నేను వచ్చేసిన పద్నాలుగు నెలలకి పొలం వదిలింది. బెమిడ్జిలో ఒక గది, అయిదు నెలలు. సెయింట్ క్లౌడ్‌లో ఎవరిదో ఇంటి నేలమాళిగ, మూడు నెలలు. పోస్టు పెట్టె. ఓక్లేర్ ఊళ్ళో ఏడు నెలలు. లా క్రాస్, మూడో అంతస్తు, నిరుటి అక్టోబరు నుంచి. చదువుకున్నవాళ్ళు చూస్తే కుర్రపిల్ల, ఉద్యోగాలు మారుతోంది అనుకుంటారు. నాకు అలా కనబడలేదు. ఆ మధ్యలో పోస్టు పెట్టె ఎందుకొస్తుందో నాకు తెలుసు. నేలమాళిగలో మూడు నెలల తర్వాత, వీధి చివర ట్రక్కు ఒకటి ఇంజను ఆపకుండా నిలబడితే, ఎవరైనా ఏం చేస్తారో తెలుసు. నా కడుపున పుట్టింది నా దారినే పరుగెత్తింది, ఒక్కతే, పద్నాలుగు నెలలు ఆ ఇంట్లో నా వంతు కూడా తనే పడి. తల బల్ల మీద ఆనించుకున్నాను. వెల్డా బండి చక్రాల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. కాగితపు రుమాళ్ళ పెట్టె ఒకటి నా మోచేతి పక్కన పెట్టి, బండి తోసుకుపోయింది.

దాని పేజీ కూడా తీసేయించాలి, ముందు అది. లంకె ఎత్తి అతికించాను, యంత్రాన్ని కాదన్నాను, వంతెనలు ఏరాను, ఎర్ర అక్షరాలొచ్చాయి. ఈ వివరాలను తొలగించమన్న కోరిక ఇంతకుముందే అందింది. అందిన తేదీ ఆదివారం. ఆదివారం. ఓరిన్ నాకు ఫోన్ చేసిన ఆదివారం. నాకు చేసి ఊరుకోలేదన్నమాట. దానిక్కూడా మంచు సంగతీ దూడ సంగతీ చెప్పి, చివర్లో లైల్ వచ్చాడని చెప్పి ఉంటాడు. నాలుగేళ్ళుగా వాడి ఫోన్లో ఇద్దరి నంబర్లూ ఉన్నాయి, నేను దాని ఊసెత్తొద్దన్నాను, అది నా ఊసెత్తొద్దని ఉంటుంది, మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు, నోరు కుట్టేసుకుని ఇద్దరికీ ఆవుల కథలు చెప్పాడు. ఓరిన్, నా బంగారు వెధవా. తప్పు వాడిది కాదు. అది వద్దన్నదని నేను అడగలేదు, నేను వద్దన్నానని వాడు చెప్పలేదు, అడిగితే మర్యాద కాదని అది అడిగి ఉండదు, మా మర్యాదకి నాలుగేళ్ళు పట్టింది. ఆదివారం అడిగితే ఇవాళో రేపో ఆ పేజీ పోతుంది, పోవాలి కూడా. దాని ఫోన్ నంబరు ఇంకా అక్కడే ఉంది, పది అంకెలు.

ఇంకా పదిహేను నిమిషాలు. ముందు నన్ను తీసేయాలి. తప్పుల్లేకుండా కొట్టాను, పెద్ద సైటుది అయింది, ఈ వివరాలు మీవేనా, నావే, పద్నాలుగు. మిగిలిన అయిదూ దీని పిల్లలేనట, దీంట్లో పోతే వాటిలోనూ పోతాయని బెవర్లీ పక్కన రాసింది, అయినా నమ్మలేదు, ఒక్కొక్కటే తెరిచాను, బస్సులు, మంటలార్పే నీళ్ళ గొట్టాలు, బస్సులు, పందొమ్మిది. రెండు నిమిషాలుండగా అంతా మూసి లేచాను. కాగితాన్ని మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాను. నంబరు ఎక్కడా రాసుకోలేదు, రాసుకోవాల్సిన అవసరం లేదు, ఇరవై సార్లు లోపల తిరిగింది.

లైబ్రరీకి రెండు తలుపుల మధ్య చిన్న గది ఉంది, జనం బూట్లు దులుపుకునే చోటు. అక్కడ నిలబడ్డాను. బయట ఎండ, చూరు నుంచి నీళ్ళు గబగబా కారుతున్నాయి, మార్చి నెల చివరికి మా మీద దయతలచింది. బెవర్లీని అడగాలి ముందు. అడిగితే వద్దంటుంది, వద్దనడం ఆమె ధర్మం, ఆమె మూలంగానే బతికున్నాను. పేరు మార్చుకున్నవాళ్ళు కూడా తండ్రికి లొంగిపోవచ్చు, పిల్ల పక్కన ఇప్పుడెవరున్నారో నీకేం తెలుసు, నాలుగేళ్ళ కష్టం ఒక్క ఫోన్‌తో బూడిదలో పోస్తావా అంటుంది. అన్నీ నిజాలే. రేపు చెబుతాను, తిట్లు తింటాను. నేను ఇవాళ గంటసేపు కూర్చుని నన్ను లోకం మీద నుంచి తుడిచేసుకున్నాను, శనివారం ఆ ఫార్గో ఆవిడ ఎంత కొట్టినా రాను, ఓరిన్‌కి తెలియదు, ఆర్లిస్ చెప్పదు, అయితే ఇప్పుడిక సిగ్నికి కూడా నేను దొరకను. ఎప్పుడైనా వెతికితే. బహుశా వెతికే ఉంటుంది. లైల్‌కి అందకుండా పోవడానికి నేను వేసిన ప్రతి గడియా దాని ముఖం మీద కూడా పడింది. ఇంత బాగా దాక్కుని నేనేం చేసుకోను.

నొక్కాను. నాలుగుసార్లు మోగింది. తెలియని నంబరు, ఎత్తదు, నేనూ ఎత్తను. ఆ తర్వాత గొంతు వినిపించింది. "ఇప్పుడు మాట్లాడలేను. చెప్పేదేదో చెప్పండి." పేరు లేదు, అది కూడా తెలివే, అయినా గొంతు దానిదే, కొంచెం బొంగురు, కొంచెం విసుగు, పొద్దున్నే లేపితే వచ్చే గొంతు. కీచుమని శబ్దం వచ్చింది. నా వంతు.

"సిగ్నీ, నేను, అమ్మని. ఫోన్ చెయ్యక్కర్లేదు, విను చాలు. మీ మావయ్య ఏం చెప్పలేదు, వాణ్ణి ఏమనకు. ఆ సైట్లో నా పేరు కింద నీ పేరుంది, అలా దొరికింది. నీది శుక్రవారం మళ్ళీ చూసుకో, పోకపోతే ఇంకోసారి పెట్టు. పేరు చూశాను. చాలా బాగుంది." యంత్రం నా ఊపిరి రాసుకుంటోంది, ఎప్పుడు ఆపేస్తుందో తెలియదు. "మీటరు సంగతి నాకు తెలుసు. తెలిసీ నిన్నక్కడ వదిలి వచ్చాను. నీకేం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. తప్పు నాదే, నీది కాదు, ఇది నీతో ఎప్పుడో అనాల్సింది." తలుపు తోసుకుని ఎవరో ముసలాయన లోపలికొచ్చాడు, నేను గోడ వైపు తిరిగాను, ఆయన మర్యాదగా బూట్లు దులుపుకోకుండానే వెళ్ళిపోయాడు.

"నీకు రాబుద్ధయితే రా, లేకపోతే లేదు. లా క్రాస్ నుంచి కారులో గంటన్నర. రాసుకుంటావా మరి. నాలుగు వందల ఆరు, వెస్ట్ మిల్ స్ట్రీట్. వెల్బీ, అయోవా. తెల్ల ఇల్లు, నీలం మెట్లు. ముందువైపు తలుపు కొట్టకు, ఇక్కడెవరూ అటు నుంచి రారు, పక్కగా తిరిగి వంటింటి వైపు రా. రెండున్నరకల్లా ఇంట్లోనే ఉంటాను, రోజూ. రాసుకున్నావా? ఉండు, తొందరేం లేదు, మళ్ళీ చెబుతాను. నాలుగు వందల ఆరు."